కొత్త స్ట్రీమర్ల మీద పుకార్లు: ఆగాలా, ఇప్పుడే కొనాలా?

#1 · నాలుగోగది

హాల్లో పాత స్టీరియో యాంప్లిఫయర్, దాని వెనక క్రోమ్‌కాస్ట్ ఆడియో, అంటే వైఫై మీద పాట తెచ్చి యాంప్లిఫయర్‌కి ఇచ్చే గూగుల్ చిన్న డబ్బా (ఇలాంటివాటినే స్ట్రీమర్లంటారు). పడగ్గదిలో ఒక జత యాక్టివ్ స్పీకర్లు (లోపలే యాంప్లిఫయర్ ఉన్నవి), వాటికి ఆర్‌సీఏ ఇన్‌పుట్ ఒక్కటే. వంటింట్లో ప్రస్తుతానికి ఏమీ లేదు. మూడుచోట్లా ఒకే పాట, అడుగు తప్పకుండా మోగాలి. ఇంట్లో ఫోన్లు రెండు ఆండ్రాయిడ్, ఒకటి ఐఫోన్.

యాపిల్ స్పీకరు హోమ్‌పాడ్ మినీ కొత్తది వస్తోందంటున్నారు, గూగుల్ స్పీకర్ వస్తోందంటున్నారు, క్రోమ్‌కాస్ట్ ఆడియోని మళ్లీ తెస్తారని ఇంకొకరు. ఈ మాటల్లో దేనికోసం ఆగొచ్చు, దేన్ని పక్కన పడేయొచ్చు?

#2 · పుకార్లపుల్లయ్య

మూడూ వస్తాయి, ఆగండి. ఇవాళ కొంటే రేపు తల పట్టుకుంటారు.

#3 · రేడియోరాజమ్మ

పుల్లయ్య గారూ, మూడింటినీ ఒకే గాటన కట్టేశారు. వాటిలో ఒకటి ప్రకటన, ఒకటి పుకారు, మూడోది ఒట్టి ఆశ.

గూగుల్ హోమ్ స్పీకర్ సంగతి 2025 అక్టోబరు 1న కంపెనీయే చెప్పింది. ధర 99.99 డాలర్లు, అమ్మకం 2026 వసంతంలో అని. అది స్పీకరు. పాత యాంప్లిఫయర్‌కి తగిలించే డబ్బా కాదు. వంటింటి అరలో పెట్టుకోవచ్చు, హాల్లో మీ అవసరం దానితో తీరదు.

హోమ్‌పాడ్ మినీ 2020 నవంబరులో వచ్చింది, లోపల ఎస్5 చిప్. అంత పాతబడ్డ దానికి కొత్తది రావడం సహజం, ఎప్పుడన్నదే పుకారు. దానికీ ఆడియో జాక్ లేదు. కొత్తదానికి పెడతారని ఎంత గాలి కబుర్లు చెప్పేవాళ్లూ అనట్లేదు.

ఇక క్రోమ్‌కాస్ట్ ఆడియో. 2015లో 35 డాలర్లకి వచ్చింది, 2019 జనవరిలో తయారీ ఆగిందన్నారు. అప్పట్నుంచి వారసుడి మాట అడపాదడపా లేస్తూనే ఉంది, ఒక్క కాగితం మాత్రం బయటపడలేదు. కాగితం లేని పుకారుని నేను లెక్కలోకి తీసుకోను.

#4 · నాలుగోగది

కాగితం అంటే ఏంటండీ? ఎక్కడ చూడాలి?

#5 · రేడియోరాజమ్మ

రేడియో (అంటే వైఫై, బ్లూటూత్ లాంటి తరంగాలు పంపే భాగం) ఉన్న ఏ వస్తువైనా అమెరికాలో అమ్మాలంటే అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ అనుమతి ఉండాలి. ఆ పత్రాలు ఎవరైనా చూసుకోవచ్చు. వస్తువు అడుగున ముద్రించే ఎఫ్‌సీసీ ఐడీలో ముందు భాగం కంపెనీ కోడు. యాపిల్‌కి బీసీజీ, గూగుల్‌కి ఏ4ఆర్, స్పీకర్ల కంపెనీ సోనోస్‌కి ఎస్‌బీవీ. అక్షరంతో మొదలైతే కోడు మూడక్షరాలు, అంకెతో మొదలైతే ఐదు. ఎఫ్‌సీసీ ఐడీ వెతికే పేజీలో ఈ కోడు ఒక్కటే కొట్టి, మోడల్ గడి ఖాళీగా వదిలేసి, గత మూడు నెలల తేదీలు ఇవ్వండి. కొత్తగా చేరినవన్నీ వరసగా వస్తాయి.

ఫొటోలు, మాన్యువల్ కోసం చూడకండి. వాటిని 180 రోజుల దాకా దాచిపెట్టమని కంపెనీ అడగొచ్చు, అందరూ అడుగుతారు కూడా. సర్క్యూట్ పటాలైతే శాశ్వతంగా మూతే. పరీక్ష నివేదికని మాత్రం దాచడానికి వీల్లేదు. మనకి పనికొచ్చే సరుకంతా అందులోనే ఉంటుంది.

మొదట ఫ్రీక్వెన్సీల పట్టిక తీయండి. 2402 నుంచి 2480 మెగాహెర్ట్జ్ అంటే బ్లూటూత్. 2412 నుంచి 2462 అంటే మామూలు వైఫై. 5180 నుంచి 5825 దాకా ముక్కలు ముక్కలుగా ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై. 5955 నుంచి పైకి కనబడితే వైఫై 6ఈ గానీ 7 గానీ. 2405 నుంచి 2480 దాకా ఐదేసి మెగాహెర్ట్జ్ ఎడంతో పదహారు ఛానెళ్లు ఉన్నాయంటే అది థ్రెడ్ లేదా జిగ్‌బీ, అంటే ఇంట్లో బల్బులు, సెన్సర్లతో మాట్లాడే రేడియో. దానికీ పాటకీ సంబంధం లేదు. "కొత్త ఆడియో రేడియో దొరికింది" అని వార్తలు రాసేవాళ్లు చాలాసార్లు పప్పులో కాలేసేది ఇక్కడే.

ఆ తర్వాత, పరీక్షలో పెట్టెకి ఏమేం తగిలించారో రాసిన చోటు చూడండి. కరెంటు నేరుగా 120 వోల్టులా, లేక 5 వోల్టుల అడాప్టరా? అడాప్టరయితే చాలామటుకు చిన్న డబ్బా, నేరుగా గోడకయితే తరచుగా లోపల యాంప్లిఫయర్ ఉండే స్పీకరు. ఈథర్నెట్ కేబులు, దాని పొడవు రాసి ఉంటే ఆ పోర్టు ఉన్నట్టే. ల్యాబు వాళ్లు తగిలించిన తీగల లెక్క రాయక తప్పదు. ఏదో ఒక కంపెనీ నివేదికలో అడాప్టరూ, ఆర్‌సీఏ అవుట్ తీగా పక్కపక్కన కనబడిన రోజు, మీ హాలు కోసం ఆగమని నేనే చెబుతాను.

ఒక మెలిక. యాపిల్ పత్రాలు చాలామటుకు ప్రకటన రోజునో ఆ తర్వాతో బయటికొస్తాయి. అందుకని బీసీజీ కింద ఏమీ లేదు కాబట్టి హోమ్‌పాడ్ రాదు అనుకోకూడదు. అక్కడ కాగితం లేకపోవడం దేనికీ రుజువు కాదు.

#6 · పుకార్లపుల్లయ్య

కాగితం ఒక్కటే కాదు కదా. సోనోస్ ఎరా 300 స్పీకరు గురించి 2022 ఆగస్టులోనే ఆప్టిమో 2 అనే మారుపేరుతో వార్త వచ్చింది. 2023 మార్చి 28న వస్తువు షాపులోకొచ్చింది. అది పుకారేగా?

#7 · రేడియోరాజమ్మ

అది నిజమైన పుకారు, ఒప్పుకున్నా. అదే కంపెనీ మీద పైన్‌వుడ్ అనే వీడియో పెట్టె గురించీ అంత వివరంగా రాశారు. 2025 మార్చిలో ఆ పెట్టెని పక్కనపెట్టేశారని వార్త. రాసినవాళ్లు తప్పు రాయలేదు, వస్తువే రాలేదు. లోపలి మారుపేరు తెలిసిందంటే ఎవరో దానిమీద పని చేస్తున్నారని మాత్రమే అర్థం, మన చేతికి వస్తుందని కాదు.

దీనికి తిరకాసు ఉదాహరణ ఇంకోటి. హోమ్‌పాడ్ మినీలో కరెంటు తీగ దిగే చోటుకి దగ్గర్లో వేడినీ తేమనీ కొలిచే చిన్న సెన్సర్ ఉంది. 2020 నుంచీ అమ్ముతున్న ప్రతి మినీలోనూ ఉంది. 2021లో విప్పిచూసినవాళ్లు బయటపెట్టారు. అది పని చెయ్యడం మొదలైంది 2023 జనవరిలో, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో. కళ్లెదుట ఉన్న చిప్పు కూడా రెండేళ్లు నిద్రపోవచ్చన్నమాట. అలాంటప్పుడు యాప్ కోడ్‌లో దొరికిన నాలుగు మాటలు పట్టుకుని తేదీలు చెప్పేవాళ్లని ఏమనాలి?

#8 · ఎడిసన్_తెలుగోడు

రాజమ్మ గారు చెప్పిన పత్రాల్లో అస్సలు కనబడనిది ఒకటుంది: సాఫ్ట్‌వేర్ ఒప్పందాలు. విమ్ అల్ట్రా అనే స్ట్రీమరు 2024లో వచ్చినప్పుడు టచ్ స్క్రీను, హెచ్‌డీఎంఐ, ఫోనో ఇన్‌పుట్ అన్నీ ఉన్నాయి, ఎయిర్‌ప్లే (ఐఫోన్ నుంచి స్పీకరుకి పాట పంపే యాపిల్ పద్ధతి) లేదు. అంతకుముందు వచ్చిన, ధరలో సగం కూడా లేని విమ్ ప్రోలో ఎయిర్‌ప్లే 2 ఉంది. ఎరా 100, 300లో గూగుల్ అసిస్టెంట్ రాలేదు, వాటికి ముందున్న సోనోస్ వన్‌లో ఉంది. ఏ ఫ్రీక్వెన్సీ పట్టిక చూసినా ఇది తెలీదు. ఇంట్లో ఐఫోన్ ఉన్నవాళ్లు కొత్తది రాగానే ఎగబడకుండా స్పెసిఫికేషన్ల కాగితంలో "ఎయిర్‌ప్లే 2" అనే మాట ఉందో లేదో వేలుపెట్టి చూసుకోవాలి.

అమెరికా నుంచి ఇండియాకి తెప్పించుకునేవాళ్లకి రెండు ముక్కలు. అడుగున లేబుల్ మీద 100-240 వోల్టులు అని ఉందో, 120 అని ఒక్కటే ఉందో చూడమనండి. 120 అని ఉన్నదాన్ని ప్లగ్గు మార్చి గోడకి పెడితే పొగే. హోమ్‌పాడ్ మినీలాంటి యూఎస్‌బీ-సీ వాటికైతే మన ఊరి 20 వాట్ల అడాప్టరు చాలు.

రెండోది ఎవరికీ తట్టదు. అమెరికా మోడళ్లు చాలామటుకు 2.4 గిగాహెర్ట్జ్‌లో 11వ ఛానెల్ దాకే వింటాయి. ఇండియాలో 13 దాకా వాడుకోవచ్చు. ఇంట్లో రూటరు ఆటోలో ఉండి 12కో 13కో దూకిందంటే ఫోన్లో వైఫై వస్తుంది, ఈ స్పీకరుకి మాత్రం నెట్‌వర్క్ పేరే కనబడదు. "నిన్నటిదాకా బాగానే ఉంది, రాత్రి చచ్చిపోయింది" అనే ఫిర్యాదుల్లో కొన్ని ఇవే. ఛానెల్‌ని 1, 6, 11లో ఒకదానికి కట్టేయండి.

#9 · బెజవాడవైరు

మన దేశంలో అమ్మకానికి రాబోయేవాటికి వేరే జాడ ఉంది. స్మార్ట్ స్పీకర్లు, బ్లూటూత్ స్పీకర్లు బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తప్పనిసరి నమోదు జాబితాలో ఉన్నాయి. నమోదు నంబరు ఆర్ అక్షరం, దాని పక్కన ఎనిమిది అంకెలు. బ్రాండు పేరుతో వెతికితే మోడల్ నంబర్లు వస్తాయి. రేడియోకి డబ్ల్యూపీసీ (టెలికాం శాఖలో వైర్‌లెస్ విభాగం) వాళ్లిచ్చే ఈటీఏ అనే అనుమతి వేరే. ఈ రెండింట్లో మోడల్ నంబరు పడిందంటే ఇక్కడ అమ్మే ఉద్దేశం ఉన్నట్టు. తేదీ మాత్రం చెప్పదు.

ఇక్కడ జనం పొరబడేది ఒకటుంది. బీఐఎస్ నమోదు ఫ్యాక్టరీకి ఇస్తారు. పాత స్పీకర్నే ఇంకో ఫ్యాక్టరీలో చేయించడం మొదలెడితే మళ్లీ కొత్త నమోదు. దాన్ని చూసి "కొత్త మోడల్ వచ్చేసింది" అని వీడియోలు. మోడల్ నంబరు మారిందా, ఫ్యాక్టరీ చిరునామా మాత్రమే మారిందా చూడండి.

#10 · తీగలేనివీణ

పుకార్ల గోల మీరు తేల్చుకోండి. నాలుగోగది గారూ, ఏది కొన్నా అది మీ ఇంటి నెట్‌వర్క్ మీదే బతకాలి. మీ రూటరు ఎలా ఉంది? ఫైబరు వాడిచ్చిన డబ్బా ఒకటేనా, దాని వెనక మీది ఇంకోటి పెట్టారా?

#11 · నాలుగోగది

రెండున్నాయి. ఫైబరు డబ్బా హాల్లో, నాది పడగ్గది పక్కన. రెండూ వైఫై ఇస్తాయి. క్రోమ్‌కాస్ట్ కొన్నిసార్లు ఫోన్లో కనబడదు. కనబడినా నాలుగైదు నిమిషాలకి జాబితాలోంచి మాయం. పాట మాత్రం మోగుతూనే ఉంటుంది.

#12 · తీగలేనివీణ

అయితే మీకు రెండు జబ్బులున్నాయి, విడివిడిగా.

మొదటిది: రెండు రూటర్లూ విడివిడిగా చిరునామాలు పంచుతున్నాయి. ఫోన్ ఒకదాని కింద, క్రోమ్‌కాస్ట్ ఇంకోదాని కింద ఉంటే ఒకదానికొకటి కనబడవు. ఫోన్ వైఫై వివరాల్లో ఐపీ చూడండి. ఒకచోట 192.168.1 తోనూ ఇంకోచోట 192.168.0 తోనూ మొదలైతే ఇదే. మందు: మీ రూటర్ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (చిరునామాలు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చేలా) మార్చి, ఫైబరు డబ్బా ల్యాన్ పోర్టు నుంచి కేబులు వేయండి. లేదా ఫైబరు డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో (రూటరు పని మానేసి లైను మాత్రమే అందించేలా) పెట్టించి దాని వైఫై ఆపేయండి. గెస్ట్ నెట్‌వర్క్ మీద స్పీకర్లు పెట్టకండి, అక్కడ పరికరాలు ఒకదాన్నొకటి చూడకుండా గోడ ఉంటుంది. కొన్ని రూటర్లలో ఆ గోడకి ఏపీ ఐసొలేషన్ అని పేరు, అది ఆఫ్‌లో ఉండాలి.

రెండోది: నాలుగైదు నిమిషాలకి మాయం. ఇది ఐజీఎంపీ స్నూపింగ్ పని అయ్యుండొచ్చు. క్రోమ్‌కాస్ట్, ఎయిర్‌ప్లే రెండూ "నేనిక్కడున్నా" అని 224.0.0.251 అనే మల్టీకాస్ట్ (ఒకేసారి చాలామందికి చేరే) చిరునామాకి, 5353 పోర్టు మీద అరుస్తాయి. స్నూపింగ్ ఉన్నా ఈ చిరునామాకి వచ్చే అరుపుని స్విచ్చు, రూటరు అందరికీ పంపాలి, కానీ కొన్ని దాన్ని కూడా అడిగినవాళ్లకే అందిస్తాయి. ఎవరెవరు ఇంకా వింటున్నారో 125 సెకన్లకోసారి ఒకరు అడుగుతూ ఉండాలి. ఆ అడిగేవాణ్ని క్వెరియర్ అంటారు. అది లేకపోతే రెండు విడతలూ ఇంకో పది సెకన్లూ, మొత్తం 260 సెకన్లు చూసి పేరు కొట్టేస్తుంది. మీ నాలుగైదు నిమిషాల లెక్క దీనికి సరిపోతోంది. మోగుతున్న పాట మల్టీకాస్ట్ మీద రాదు కాబట్టి అది ఆగదు. రూటర్లో ఐజీఎంపీ స్నూపింగ్ ఆపేయండి, లేదా క్వెరియర్ ఆన్ చెయ్యండి. ఇల్లు మాత్రమే కాబట్టి ఆపేసినా నష్టం లేదు.

ఇంకోటి, 5 గిగాహెర్ట్జ్‌లో 52 నుంచి 144 మధ్య ఛానెళ్లు వద్దు. అవి రాడార్లతో పంచుకునేవి. రాడార్ జాడ తగిలితే రూటరు ఛానెల్ వదిలేసి పారిపోవాలి. అలాంటిదే ఇంకో ఛానెల్‌కి మారితే కనీసం 60 సెకన్లు విని గానీ మాట్లాడకూడదు. ఆ నిమిషం మీ పాట కట్. 36 నుంచి 48 గానీ, 149 నుంచి 161 గానీ పెట్టండి.

#13 · పుకార్లపుల్లయ్య

వైఫై 7 స్పీకర్లు వస్తే ఈ గొడవలన్నీ పోతాయి కదా?

#14 · తీగలేనివీణ

పోవు. లెక్క వేద్దాం. సీడీ నాణ్యత అంటే 44,100 × 16 × 2, సెకనుకి 1,411 కిలోబిట్లు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ అయితే 4,608. నాణ్యత పోకుండా కుదించే ఫ్లాక్ పద్ధతిలో కుదిస్తే ఇందులో సుమారు సగం, కాస్త అటూఇటూ. మూడు గదులకీ విడిగా పంపినా 15 మెగాబిట్లు దాటదు. పదేళ్లనాటి వైఫై దీన్ని నిద్రలో మోస్తుంది. తెగిపోవడానికి కారణం వేగం కాదు. పక్కింటి రూటర్లు, మైక్రోవేవ్, రెండు రూటర్ల గొడవ, ఇందాక చెప్పిన మల్టీకాస్ట్. ఇవేవీ వైఫై 7 తో తీరవు.

#15 · నాలుగోగది

మూడు గదులు ఒకేసారి మోగాలంటే ఒకే కంపెనీవి కొనాలా?

#16 · గోదారిగట్టు

ఒకే కంపెనీ అక్కర్లేదు, ఒకే భాష ఉండాలి. క్యాస్ట్ (క్రోమ్‌కాస్ట్‌లకి పాట పంపే గూగుల్ పద్ధతి) గుంపులో క్యాస్ట్ తెలిసినవే, ఎయిర్‌ప్లే 2 గుంపులో అది తెలిసినవే.

ఎందుకంటే ప్రతి డబ్బాలోనూ సొంత గడియారం, ఒక క్రిస్టల్. రెండు క్రిస్టల్స్ మధ్య పది లక్షలకి 50 తేడా ఉందనుకోండి. నిమిషానికి 3 మిల్లీసెకన్లు, గంటకి 180. ముప్పై దాటాక చెవికి ప్రతిధ్వనిలా తెలుస్తుంది, అంటే పది నిమిషాలు చాలు. కాబట్టి గుంపులో ఒకటి పెద్దరికం తీసుకుని, మిగతావి దాని గడియారానికి తగ్గట్టు శాంపిళ్లని సాగదీస్తూ, కుదిస్తూ పోవాలి. ఈ సర్దుబాటు ఒక్కో భాషలో ఒక్కోలా ఉంటుంది. క్యాస్ట్ డబ్బా, హోమ్‌పాడ్ పక్కపక్కన పెట్టి ఒకే పాట ఒకే క్షణంలో నొక్కినా కలవవు.

మీకు హాల్లో ఇప్పటికే క్యాస్ట్ ఉంది. పడగ్గదికి విమ్ ప్రో తీసుకుంటే దానికి క్యాస్ట్, ఎయిర్‌ప్లే 2 రెండూ వచ్చు. గూగుల్ హోమ్ యాప్‌లో స్పీకర్ గ్రూప్ చేసి రెండూ అందులో వేయొచ్చు. విమ్ మినీ చవగ్గా ఉందని తీసుకోకండి, దానికి క్యాస్ట్ రాదు. ఈ ఒక్క తేడా చూసుకోక అది కొనేసి తలపట్టుకునేవాళ్లు ఎక్కువ.

సొంతంగా చేసుకునే ఓపిక ఉంటే ఇంకో దారి. రాస్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు, పీసీఎం5102ఏ డీఏసీ బోర్డు (డిజిటల్ పాటని యాంప్లిఫయర్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చేది), 8 జీబీ కార్డు, 5 వోల్టుల 2.5 ఆంపియర్ల అడాప్టరు, ఆరు జంపర్ తీగలు. పిన్నులు ముందే అతికించిన రాస్‌బెర్రీ పై దొరికితే అదే తీసుకోండి, లేకపోతే 40 పిన్నుల టంకం పని ఉంటుంది.

తీగలు ఇలా: డీఏసీ మీద విన్ అని రాసినచోటుకి రాస్‌బెర్రీ పై 2వ పిన్ను, గ్రౌండుకి 6, బీసీకేకి 12, ఎల్ఆర్‌సీకేకి 35, డిన్‌కి 40. ఆరో తీగతో డీఏసీ మీదున్న ఎస్‌సీకేని గ్రౌండుకి కలపండి. దాన్ని గాల్లో వదిలేస్తే గరగరమంటుంది, ఒక్కోసారి అసలు మోగదు. బోర్డు వెనక ఎక్స్‌ఎస్‌ఎమ్‌టీ అనే చిన్న టంకం చుక్క హై వైపు ఉండాలి. అది లో వైపు ఉంటే అన్నీ సరిగ్గా ఉన్నా బోర్డు నోరు మూసుకునే ఉంటుంది. డబ్బులు పోయాయనుకునేముందు ఆ చుక్క చూడండి.

కార్డులోకి పీకోర్‌ప్లేయర్ (రాస్‌బెర్రీ పైని పాటల ప్లేయర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) ఎక్కించి, ఆడియో అవుట్‌పుట్ జాబితాలో హైఫైబెర్రీ డీఏసీ అని ఎంచుకోండి. పీకోర్‌ప్లేయర్ మొత్తం ర్యామ్‌లో నడుస్తుంది, కార్డు మీద ఊరికే రాయదు. కరెంటు టపీమని పోయే చోట ఇది పెద్ద సుఖం, కార్డు చెడదు. కాకపోతే కమాండ్ లైన్‌లో ఏదైనా మారిస్తే బ్యాకప్ కొట్టాలి, లేదంటే రీస్టార్ట్ కాగానే మార్పు గాలికి పోతుంది.

ఇది క్యాస్ట్ మాట్లాడదని గుర్తుంచుకోండి. లిరియన్ మ్యూజిక్ సర్వర్ (ఇంట్లో ప్లేయర్లకి పాటలు పంచే సాఫ్ట్‌వేర్) నుంచి క్యాస్ట్ బ్రిడ్జ్ ప్లగిన్ ద్వారా మీ క్రోమ్‌కాస్ట్‌కి పాట పంపొచ్చు గానీ రాస్‌బెర్రీ పైలతో గట్టిగా కలవదు. మూడుచోట్లా రాస్‌బెర్రీ పైలే పెడితే తిరుగుండదు.

#17 · బెజవాడవైరు

కరెంటు మాట వచ్చింది కాబట్టి. కరెంటు పోయొచ్చాక స్పీకరు ముందు లేస్తుంది, ఫైబరు డబ్బా లేవడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఆలోపు చిరునామా దొరక్క స్పీకరు 169.254తో మొదలయ్యే ఐపీ తనకి తనే పెట్టేసుకుని కూర్చోవచ్చు. ఫైబరు డబ్బాకి చిన్న 12 వోల్టుల యూపీఎస్ పెడితే పోతుంది. కొనేముందు డబ్బా అడాప్టరు మీద ఎన్ని ఆంపియర్లని ఉందో చూడండి. 2 ఆంపియర్ల దానికి 1 ఆంపియరు యూపీఎస్ పెడితే కరెంటు పోయినప్పుడల్లా అదీ పోతుంది.

#18 · పుకార్లపుల్లయ్య

నాదో ప్రశ్న. కంపెనీయే చెప్పింది కూడా నమ్మకూడదా? స్పాటిఫై సంగతేంటి?

#19 · ఎడిసన్_తెలుగోడు

మంచి ఉదాహరణ పట్టుకున్నారు. 2021 ఫిబ్రవరిలో స్పాటిఫై హైఫై ఆ ఏడాదే వస్తుందని కంపెనీయే చెప్పింది. వచ్చింది 2025 సెప్టెంబరులో, లాస్‌లెస్ అనే పేరుతో, 24 బిట్ 44.1 కిలోహెర్ట్జ్ దాకా. మధ్యలో నాలుగున్నరేళ్లు. ఆ ధైర్యంతో 2021లో 192 కిలోహెర్ట్జ్ డీఏసీలు కొనిపెట్టుకున్నవాళ్లు ఎంతమందో.

స్పాటిఫై కనెక్ట్‌లో పాటని స్పీకరే నేరుగా ఇంటర్నెట్ నుంచి లాక్కుంటుంది, ఫోన్ రిమోట్ మాత్రమే. కాబట్టి లాస్‌లెస్ రావాలంటే స్పీకరు తయారుచేసినవాడు కూడా తన సాఫ్ట్‌వేర్ మార్చాలి. "లాస్‌లెస్‌కి సిద్ధం" అని డబ్బా మీద రాసినంత మాత్రాన చాలదు.

#20 · రేడియోరాజమ్మ

నాలుగోగది గారికి ఒక హెచ్చరిక, మర్చిపోకముందే. మీ క్రోమ్‌కాస్ట్ ఆడియో ఎంత మొరాయించినా ఫ్యాక్టరీ రీసెట్ జోలికి తొందరపడి పోకండి. 2025 మార్చిలో దాని లోపలి సర్టిఫికెట్ గడువు తీరి, రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లతో పాటు ఇవీ ఒకేసారి మూగబోయాయి. కొద్దిరోజులకే అప్‌డేట్ వచ్చి బాగయ్యాయి. ఆ మధ్యలో రీసెట్ కొట్టినవాళ్లకే తంటా, మళ్లీ సెటప్ చేసుకోలేకపోయారు. ప్లగ్గు పీకి ఒక్క నిమిషం ఆగి పెట్టండి, అంతవరకే.

పాత వస్తువుకి ఇలాంటి గండం ఇంకోసారి రాదనుకోలేం. అందుకే హాల్లో పెద్ద సిస్టమ్‌కి కొత్త డబ్బా పెట్టి, క్రోమ్‌కాస్ట్‌ని పడగ్గదికి పంపితే మేలు. అది పోయినా పెద్ద గదికి నష్టం ఉండదు.

#21 · నాలుగోగది

సరే, నా లెక్క ఇది. రెండో రూటరు ఇవాళే యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి, స్నూపింగ్ ఆఫ్. హాల్లో విమ్ ప్రో. క్రోమ్‌కాస్ట్ పడగ్గదికి. వంటింటికి గూగుల్ స్పీకరు అమ్మకానికి వచ్చి, దాన్ని విప్పి కొలిచినవాళ్లు రాశాక చూస్తాను. హోమ్‌పాడ్ ఊసు వదిలేశా, అది క్యాస్ట్ గుంపులో కలవదు కాబట్టి.

ఒక అనుమానం. పాత యాంప్లిఫయర్ ఆక్స్‌లో వాల్యూమ్ కొంచెం తిప్పగానే గట్టిగా మోగి, పెద్ద పాటల్లో బొంగురుపోతోంది. కొత్త డబ్బాతో పోతుందా?

#22 · గోదారిగట్టు

డబ్బా మార్చినంత మాత్రాన పోదు. ఇప్పటి స్ట్రీమర్ల లైన్ అవుట్ పూర్తి వాల్యూమ్‌లో 2 వోల్టులు. పాత యాంప్లిఫయర్ల ఆక్స్ సాధారణంగా 200 నుంచి 500 మిల్లీవోల్టులకే పూర్తి శక్తి ఇచ్చేలా చేసినవి. ముందు దశే నిండిపోయి బొంగురుపోతోంది. విమ్ ప్రోలో వాల్యూమ్ గరిష్ఠ పరిమితి తగ్గించి కట్టేయండి, అరవై దగ్గర మొదలుపెట్టి పెద్ద పాట పెట్టి వింటూ సరిచేసుకోండి. ఫిక్స్‌డ్ వాల్యూమ్ మాత్రం ఆన్ చెయ్యకండి, అప్పుడు 2 వోల్టులూ నేరుగా వెళ్తాయి.

క్రోమ్‌కాస్ట్ ఆడియోకీ గూగుల్ హోమ్ యాప్‌లో ఫుల్ డైనమిక్ రేంజ్ అనే మీట ఉంది. హాల్లో అది ఆన్‌లో ఉండుంటుంది. పడగ్గదికి మార్చాక ఆఫ్ చేసి చూడండి, యాక్టివ్ స్పీకర్లకి తరచుగా అదే నప్పుతుంది.

#23 · నాలుగోగది

ఆన్‌లోనే ఉందండీ. ఆఫ్ చేశా, హాల్లోనే బొంగురు సగం తగ్గింది.

#24 · బెజవాడవైరు

పడగ్గదికి మార్చేటప్పుడు ఆ చిన్న జాక్‌కి ఇప్పుడున్న 3.5 నుంచి ఆర్‌సీఏ తీగే వాడండి. అదే రంధ్రంలోంచి ఆప్టికల్ కూడా వస్తుంది గానీ దానికి కొస సన్నగా ఉండే మినీ టాస్‌లింక్ తీగ కావాలి, పైగా మీ స్పీకర్లకి ఆప్టికల్ ఇన్‌పుట్ లేదన్నారు. షాపువాడు అంటగడితే తీసుకోకండి.